యంత్రాల ముచ్చట్లు: తోకమీద చిన్న రెక్క

పిల్లలూ! గాలిపటానికి తోక ఎందుకు కడతారో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. తోక లేని గాలిపటం పైకి లేచినట్టే లేచి, గిరగిరా తిరిగి, తలకిందులుగా వచ్చి ఏ చెట్టుమీదనో పడుతుంది. దానికే ఒక పాత గుడ్డపీలిక కట్టి చూడండి, బుద్ధిగా నిలబడుతుంది. ఆ గుడ్డపీలిక బరువెంత? దాని ఖరీదెంత? అయినా అది లేకపోతే గాలిపటం ఎగరదు.

ఈ నెల మనం చెప్పుకోబోయే మోటారు కారు కథ కూడా ఇలాటిదే. తోకమీద ఉండవలసిన ఒక చిన్న రెక్క లేకపోవటంచేత ఆ కారుకు పెద్ద చిక్కు వచ్చిపడింది.

ఆ కారు పేరు ఆడి టీటీ. ఆడి అనేది జర్మనీ దేశంలోని కంపెనీ. టీటీ అనే రెండక్షరాలు 'టూరిస్ట్ ట్రోఫీ' అనే పందెం పేరులోంచి వచ్చాయి. అది ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో జరిగే ప్రసిద్ధమైన మోటారు సైకిళ్ళ పందెం. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మోటారు ప్రదర్శనలో ఈ కారు నమూనాను మొదటిసారి జనానికి చూపారు. దాని రూపాన్ని దిద్దినవారిలో జె. మేస్, ఫ్రీమన్ థామస్ అనే ఇద్దరు ముఖ్యులు. 1998లో కారు అమ్మకానికి వచ్చింది. ఇలా రెండే తలుపులుండి, కప్పు వెనక్కి వాలుగా దిగే కారును 'కూపే' అంటారు.

టీటీ చూడటానికి చాలా ముచ్చటైన కారు. ముందూ వెనకా గుండ్రంగా ఉంటుంది. ఏటి ఒడ్డున నీటి ఒరిపిడికి నునుపుతేలిన గులకరాయిని ఎప్పుడైనా చేతిలోకి తీసుకున్నారా? సరిగా అలాగే ఉంటుంది. ఎత్తు సుమారు 1.35 మీటర్లే. అంటే మీ ఎత్తే కాబోలు! ఇంజను మాత్రం గట్టిది. కారు గంటకు 220 కిలోమీటర్ల వేగం దాటి పోగలదు. అంత వేగంగా ఎక్కడ పోతారని అడుగుతారేమో. జర్మనీలో ఆటోబాన్ అనే పెద్ద రహదార్లున్నాయి. వాటిలో కొన్ని భాగాల మీద ఇంత వేగానికి మించరాదనే హద్దు లేదు. అక్కడ అంత వేగంగా పోవటం చట్టానికి విరుద్ధం కాదు.

కారు అమ్మకానికి వచ్చిన కొద్ది కాలానికే అశుభవార్తలు రాసాగాయి. గంటకు 180 కిలోమీటర్లు దాటిన వేగంలో, హఠాత్తుగా పక్క వరుసలోకి తిప్పినప్పుడో, మలుపు తిరిగినప్పుడో, కొన్ని టీటీలు అదుపు తప్పాయి. వెనక భాగం పక్కకు జారి, కారు బొంగరంలా తిరిగిపోయింది. ప్రాణాలు కూడా పోయాయి. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. మీరు 'ఒకటి' అని అనేలోపల కారు 50 మీటర్లు పోయి ఉంటుంది. అంతటి వేగంలో వెనక చక్రాలు జారితే సరిదిద్దుకునే వ్యవధి ఏదీ?

వెనక చక్రాలు ఎందుకు జారాయి? ఇది తెలియాలంటే మనం రెండు చిన్న ప్రయోగాలు చెయ్యాలి. రెండింటికీ ఖర్చు లేదు.

మొదటి ప్రయోగం. వంటింట్లోంచి ఒక తేలికైన చెంచా తీసుకోండి. కుళాయి సన్నని ధారగా విప్పండి. చెంచా కాడను రెండువేళ్ళతో వదులుగా పట్టుకుని వేలాడదియ్యండి. చెంచా వీపు, అంటే ఉబ్బెత్తుగా ఉండే వైపు, నీటిధారకు ఆనీ ఆననట్టుగా చేర్చండి. ఏమవుతుంది? ధార చెంచాను అవతలికి నెట్టేస్తుందనుకుంటాం. కాని అలా జరగదు. చెంచా ధార లోపలికే లాగబడుతుంది! నీరు చెంచా గుండ్రని వీపును అంటిపెట్టుకుని పారి, ఒక పక్కకు వంగుతుంది. నీటిని చెంచా ఒక పక్కకు వంచింది గనక, నీరు చెంచాను రెండో పక్కకు లాగుతుంది.

గాలి కూడా ఇలాగే చేస్తుంది. విమానం రెక్క పైభాగం ఉబ్బుగా ఉండటం మీరు చూసే ఉంటారు. గాలి ఆ ఉబ్బును అంటిపెట్టుకుని వెనక కిందికి వంగుతుంది. గాలి కిందికి పోతే రెక్క పైకి లేస్తుంది. టీటీ కప్పును కూడా ఒకసారి ఊహించుకోండి. ముందు నుంచి గుండ్రంగా లేచి, వెనక నున్నగా వాలుగా దిగుతుంది. గాలి ఆ వాలు వెంబడి జారి కిందికి వంగింది. తోక పైకి తేలికయింది. కారు విమానంలా ఎగిరిపోలేదనుకోండి! కాని వెనక చక్రాలు నేలను నొక్కే బరువు మాత్రం తగ్గింది.

ఇక్కడొక లెక్క కూడా ఉన్నది. గాలి ఎత్తే బలం వేగంతో సమంగా పెరగదు. వేగం రెండింతలయితే ఆ బలం నాలుగింతలవుతుంది. వేగం మూడింతలయితే బలం తొమ్మిదింతలు. అందుచేత ఊరిలో 60 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఏమీ తెలియలేదు. 180 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి కారును గాలి తొమ్మిదింతల బలంతో ఎత్తింది.

రెండో ప్రయోగం. మీ రబ్బరును, అదే పెన్సిలు గీతలు చెరిపే రబ్బరును, బల్లమీద పెట్టి వేలితో గట్టిగా నొక్కి పక్కకు తొయ్యండి. అది కదలనని మొరాయిస్తుంది. ఇప్పుడు నొక్కకుండా తొయ్యండి. ఇట్టే జారిపోతుంది. టైరు కూడా రబ్బరే కదా! దానిమీద బరువు ఎంత ఉంటే నేలమీద అంత పట్టు ఉంటుంది. బరువు తగ్గితే పట్టూ తగ్గుతుంది.

ఇప్పుడు రెండింటినీ కలపండి. కారు మహావేగంగా పోతున్నది. గాలి తోకను తేలిక చేసింది. ఇంతలో ఎదుట ఏదో అడ్డం వచ్చింది. డ్రైవరు గాభరాపడి చక్రం తిప్పాడు. యాక్సిలరేటరు మీది కాలు కూడా తీసేశాడు. బస్సు హఠాత్తుగా నెమ్మదించినప్పుడు మీరంతా ముందుకు తూలుతారు కదా? అలాగే కారు బరువు కూడా ముందుకు తూలింది. ముందు చక్రాలమీద బరువు పెరిగింది. అసలే తేలికగా ఉన్న వెనక చక్రాల మీద ఇంకా తగ్గింది. ఆ చక్రాలు పట్టు వదిలాయి. తోక పక్కకు తిరిగిపోయింది.

అప్పుడు కంపెనీ ఏం చేసింది? 1999 చివర, 2000 మొదట్లో, అప్పటికే అమ్మిన టీటీలను వెనక్కి పిలిచింది. దీనినే ఇంగ్లీషులో 'రికాల్' అంటారు. రికాల్ అంటే కారును తీసేసుకుని డబ్బు చేతిలో పెట్టి పంపటం అనుకునేరు! 'మేము చేసిన వస్తువులో లోపం ఉన్నది, తీసుకురండి, సరిచేసి ఇస్తాం' అని పిలవటం.

మొదటి మార్పు తోకమీద. వెనక మూతమీద ఒక చిన్న రెక్కను బిగించారు. దాని పేరు స్పాయిలర్. నునుపుగా జారి కిందికి వంగబోయే గాలిని అది తోక అంచున విడగొట్టి, వంగనీయకుండా పంపేస్తుంది. చెంచాకూ నీటిధారకూ మధ్య ఒక గోడ పెట్టినట్టన్న మాట. రెండో మార్పు, చక్రాలను శరీరానికి తగిలించే సస్పెన్షన్‌లో. మూడోది ఈఎస్‌పి అనే విద్యుత్ సాధనం. డ్రైవరు చక్రాన్ని ఎటు తిప్పాడో అది కనిపెడుతూ ఉంటుంది. కారు నిజంగా ఎటు తిరుగుతున్నదో కూడా కనిపెడుతుంది. రెండింటికీ తేడా వచ్చిందా, వెంటనే ఏదో ఒక్క చక్రానికి మాత్రం బ్రేకు వేసి కారును దారిలోకి తెస్తుంది. నాలుగు చక్రాలకు విడివిడిగా బ్రేకు వెయ్యటం ఎంతటి డ్రైవరుకూ సాధ్యం కాదు, అతనికి ఉన్న బ్రేకు పెడలు ఒక్కటే కదా! ఆ తరవాత తయారైన టీటీలన్నీ ఈ మార్పులతోనే వచ్చాయి. యూరప్ దేశాలలో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇటువంటి సాధనం తప్పనిసరి అయింది.

ఆ రెక్క పెట్టగానే, 'అయ్యో, ఎంత అందమైన రూపం చెడిపోయింది!' అని విచారించినవాళ్ళు కూడా ఉన్నారు. మీరే చెప్పండి, గాలిపటానికి గుడ్డపీలిక అందమా? కాదు. కాని ఎగిరే గాలిపటమే అందం.

ఇక ఈ మొదటి తరం టీటీలు 2006 దాకా తయారయ్యాయి. ఇప్పుడవి పాతకార్లు. వాటిని ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. పాతబడిన యంత్రానికి జబ్బులు రాకుండా ఉంటాయా? వీటికి మామూలుగా వచ్చే జబ్బులు ఏమిటో చూద్దాం.

ఒకటి, అబద్ధమాడే ముల్లు. డ్రైవరు ఎదుట వేగం, పెట్రోలు, ఇంజను వేడి చూపే పలక ఒకటి ఉంటుంది. టీటీలో ఈ పలక తరచుగా చెడిపోయేది. మధ్యలో అక్షరాలు చూపే చిన్న తెర మసకబారేది. పెట్రోలు ముల్లు తప్పు చూపేది. ఇంకా ఉన్నదనుకుని పోతూ ఉంటే కారు నడిరోడ్డున ఆగిపోయేది! అమెరికాలో యజమానులు దీన్నిగురించి కోర్టుకు వెళ్ళగా కంపెనీ రాజీకి వచ్చింది.

రెండు, నిప్పురవ్వ పుట్టించే కాయిల్. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటే నాలుగింటికీ నాలుగు కాయిల్స్. పెట్రోలు ఆవిరిని అంటించే నిప్పురవ్వను ఇవే పుట్టిస్తాయి. ఒకటి చెడితే ఆ సిలిండరు పని మానేస్తుంది. కారు మలేరియా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఆ కంపెనీ బృందంలోని అనేక కార్లలో ఇవి చెడిపోవటంచేత 2003లో ఊరికే మార్చి ఇచ్చే ఏర్పాటు చేశారు.

మూడు, రబ్బరు పట్టీ. దీన్ని టైమింగ్ బెల్టు అంటారు. ఇంజను లోపల వాల్వులు తెరుచుకునేదీ, పిస్టన్ పైకి వచ్చేదీ ఒకదాని తరవాత ఒకటిగా, తాళం తప్పకుండా జరగాలి. కోలాటంలో కర్రలు తగిలినట్టన్న మాట. ఆ తాళం వేసేది ఈ పట్టీయే. పాతబడి తెగిందో, పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. ఇంజను లోపలి భాగాలు వంగిపోతాయి. అందుచేత పట్టీ బాగానే ఉన్నట్టు కనిపించినా, గడువు రాగానే మార్చాలి. పట్టీతోబాటు నీళ్ళ పంపు కూడా మారుస్తారు. ఆ పంపు లోపల తిరిగే ప్లాస్టిక్ చక్రం విరిగితే నీరు ప్రవహించక ఇంజను కాగిపోతుంది.

నాలుగు, తలుపు అద్దం. టీటీ తలుపు అద్దానికి చుట్టూ చట్రం లేదు. తలుపు తీసేటప్పుడు అద్దం తనంతట తానే ఒక వేలెడు కిందికి దిగి, మూసిన తరవాత పైకి వెళ్ళి రబ్బరులో అతుక్కుంటుంది. 'తలుపు తెరిచారు' అని అద్దానికి వార్త చెప్పేది తాళంలోని ఒక చిన్న స్విచ్చి. అది చెడితే అద్దం దిగదు. తలుపు తీసినప్పుడల్లా అద్దం రబ్బరుతో పోట్లాడుతుంది.

ఇప్పుడొక ప్రశ్న. పైన చెప్పిన నాలుగు జబ్బులూ, వెనక చక్రాలు జారిన జబ్బూ ఒకటేనా? కాదు. తలుపు అద్దం దిగకపోతే చికాకు. మరమ్మతు ఖర్చు యజమానిది. కాని కారు తయారయిన తీరులోనే ప్రాణాపాయం దాగి ఉంటే, దాన్ని సరిచెయ్యవలసిన బాధ్యత తయారు చేసినవాడిది. జలుబుకూ మశూచికీ ఎంత తేడా ఉన్నదో ఈ రెండింటికీ అంత తేడా ఉన్నది. పాత కారు కొనేవారు ఈ రెండు జాబితాలనూ విడివిడిగా విచారించుకోవాలి.

కారుకు వయసు మీరిన తరవాత కూడా రికాల్ రావచ్చు. ఇరవై ఏళ్ళకు, అంటే 2020లో, అమెరికాలో తొలినాటి టీటీలు కొన్నిటిని మరొక కారణంచేత పిలిచారు. స్టీరింగు చక్రంలో ఎయిర్‌బ్యాగ్ అనే సంచీ మడతపెట్టి ఉంటుంది. కారు దేనికైనా గుద్దుకుంటే అది రెప్పపాటులో ఉబ్బి డ్రైవరు తలను కాపాడుతుంది. దాన్ని ఉబ్బించటానికి ఒక లోహపు డబ్బాలో మందు కూరి ఉంటుంది. తకాటా అనే జపాన్ కంపెనీ చేసిన డబ్బాలలోకి ఏళ్ళ తరబడి తేమ చేరి మందు పాడయ్యే ప్రమాదం ఉన్నదని తేలింది. అప్పుడు సంచీ సరిగా ఉబ్బకపోవచ్చు, లేదా డబ్బాయే పేలి ఇనపముక్కలు విసరవచ్చు. కాపాడవలసినదే కాటు వేస్తుందన్న మాట! ఈ తకాటా డబ్బాలు లోకంలో అనేక కంపెనీల కోట్లకొద్దీ కార్లలో ఉన్నాయి. చరిత్రలో ఇంతకన్న పెద్ద రికాల్ లేదు. మన దేశంలో కూడా వాటికోసం కొన్ని కార్లను వెనక్కి పిలిచారు.

ఈ పిలుపులకు చట్టం అండ ఉన్నది. అమెరికాలో 1966లో వాహనాల భద్రత చట్టం వచ్చింది. మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తామే పిలిచే పద్ధతి ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని ఆజ్ఞాపించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి దీనికి నియమాలు అమలులోకి వచ్చాయి. ఆజ్ఞ వచ్చేదాకా ఊరుకున్న కంపెనీకి కోటి రూపాయలదాకా జరిమానా పడవచ్చు.

అయితే ఇంత చట్టమూ, ఇంత శాస్త్రమూ ఒక్క చోట చతికిలబడతాయి. ఎక్కడంటే, ఉత్తరం అందని ఇంటి దగ్గర. కంపెనీ దగ్గర మొదట కొన్నవారి చిరునామా ఉంటుంది. కారు చేతులు మారి మూడో ఇంటికో, నాలుగో ఇంటికో చేరితే ఆ ఉత్తరం ఎవరికి చేరాలి? లోపం అలాగే ఉంటుంది, దాని సంగతి ఇప్పటి యజమానికి తెలియనే తెలియదు.

అందుచేత అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. పాత కారుగాని స్కూటరుగాని కొన్నప్పుడు దాని రంగు చూసి, ఇంజను చప్పుడు విని ఊరుకోకండి. ప్రతి వాహనానికీ చాసిస్ నంబరు ఉంటుంది. రిజిస్ట్రేషను కాగితంలో దొరుకుతుంది. ఆ నంబరు పట్టుకుని కంపెనీవారి వర్క్‌షాపులో, 'ఈ బండికి రికాల్ ఏదైనా ఉందా? ఆ పని జరిగిందా?' అని అడగండి. మీ దగ్గరున్న బండిని అమ్మేటప్పుడు కూడా, వచ్చిన ఉత్తరాలన్నీ కొనేవారికి ఇచ్చెయ్యండి. ఆ ఉత్తరం చించి పారేసేందుకు అది సినిమా ప్రకటన కాదు.

పిల్లలూ, మీ వంతు కూడా ఒకటి ఉన్నది. నాన్నగారి అనుమతి తీసుకుని, మీ ఇంటి బండి కాగితంలో ఆ నంబరు వెతకండి. ఈ కాలపు కార్లకూ మోటారు సైకిళ్ళకూ అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి మొత్తం పదిహేడు ఉంటాయి. వాటిని మీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఇక ఈ నెల పొడుపు ఇది: ఆ పదిహేడింటిలో ఐ, ఓ, క్యూ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఏ బండికీ ఎన్నడూ రావు. ఎంచేత? ఒకటి అంకె పక్కన ఐ అక్షరాన్నీ, సున్న పక్కన మిగిలిన రెండింటినీ పెద్దబడి అక్షరాలతో రాసి చూడండి. జవాబు మీ కళ్ళకే కనిపిస్తుంది.